మెట్లు ఎక్కితే పిండం జారిపోదు

ప్రశ్న: నా వయసు 34. గాజువాకలో ఉంటాం. నేను బ్యాంకులో పని చేస్తాను, మా వారిది ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. నెలసరి సరిగ్గా రాదు, పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉందన్నారు. కిందటేడు ఐవీఎఫ్ (ల్యాబులో పిండం తయారు చేసే చికిత్స) చేయించుకున్నాం. అండాలు బాగా ఎక్కువ వచ్చి పొట్ట ఉబ్బడంతో అప్పుడు పిండం పెట్టలేదు, నాలుగు ఫ్రీజ్ చేశారు. మొన్న మాఘంలో ఒకటి పెట్టారు, నిలవలేదు. ఆ రెండు వారాల్లో లిఫ్టు పని చేయక ఒకరోజు మూడో అంతస్తు మెట్లు ఎక్కాను. రెండుసార్లు స్కూటర్ మీద వెళ్లాను. ఆ మెట్ల వల్లే పోయిందని మా అత్తగారు అంటారు. ఐసులో పెట్టిన చేపకే రుచి ఉండదు, ఐసులో పెట్టిన పిండానికి బలం ఎక్కడిది అని కూడా అంటారు. ఇంకా మూడు ఉన్నాయి. ఈసారి రెండు పెట్టించుకుంటే మంచిదా? పద్నాలుగు రోజులూ మంచం దిగకూడదా? అనాస తినవచ్చా? డాక్టరు ఆషాఢంలో చేద్దామంటే అత్తగారు శ్రావణం దాకా ఆగమంటున్నారు. ఆ మెట్లు ఎక్కకపోయి ఉంటే బాగుండేదని రోజూ అనిపిస్తోంది. ఈసారి కూడా పోతే తట్టుకోలేను.
— ఒక సోదరి, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీ చిన్న ఉత్తరంలో మెట్లు మూడుసార్లు వచ్చాయి. మిగతా ప్రశ్నలు తరువాత చూద్దాం, ముందు ఆ మెట్ల సంగతి తేల్చుకుందాం.

గర్భాశయం అంటే చాలామంది ఖాళీ సంచిని ఊహించుకుంటారు. అందులో పిండం గోలీలా దొర్లుతుందని, కుదిపితే కింది మూతిలోంచి జారిపోతుందని అనుకుంటారు. అక్కడ అంత ఖాళీ ఉండదు. ముందు గోడ, వెనుక గోడ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, మధ్యలో కాస్త జిగురు. పెట్టే పిండం మిల్లీమీటరులో అయిదో వంతు కూడా ఉండదు. సంక్రాంతికి అరిసెలు వండేటప్పుడు వేడి అరిసె మీద మరో అరిసె పెట్టి చెక్కతో నొక్కుతాం కదా. ఆ రెండింటి మధ్య చిక్కిన నువ్వుగింజను తలచుకోండి. పళ్లెం పట్టుకుని మూడంతస్తులు ఎక్కినా, స్కూటర్ మీద ఎన్ఏడీ కూడలి దాకా వెళ్లివచ్చినా ఆ గింజ ఉన్నచోటే ఉంటుంది. మూత్రానికి వెళ్తే పోతుందేమోనని బిగబట్టుకుని పడుకునే వాళ్లనూ చూశాను. మూత్రాశయం వేరు, గర్భాశయం వేరు. నిశ్చింతగా వెళ్లండి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేను కూడా పది రోజులు మంచం దిగవద్దని చీటీ మీద రాసి పంపేదాన్ని. మా పెద్దలు అలాగే రాసేవారు, నేనూ రాశాను. తరువాత బదిలీ, అంటే గర్భాశయంలో పిండం పెట్టడం, అయిన వెంటనే లేచి వెళ్లినవారిని, పడుకోబెట్టినవారిని పోల్చి చూసిన పరిశోధనలు వచ్చాయి. పడుకున్నందువల్ల ఒక్క గర్భమూ అదనంగా నిలవలేదు. కొన్నింటిలో పడుకున్నవారికే ఫలితం కాస్త తక్కువ వచ్చింది. ఆ పది రోజులూ ఆ ఆడవాళ్లు పైకప్పు చూస్తూ ఎంత భయపడి ఉంటారో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్ దగ్గర బస్సు దిగి ఆ ఎత్తంతా నడిచి ఎక్కి వచ్చే గర్భిణులను మా తరం డాక్టర్లందరం చూశాం. ఆ నడకతో గర్భాలు జారిపోయేటట్లయితే ఆ ఆసుపత్రిలో పురుళ్ల వార్డే ఉండేది కాదు.

మరి మొదటిది ఎందుకు పోయింది? ఇలాంటి వైఫల్యాలకు అన్నిటికన్నా పెద్ద కారణం పిండంలోనే ఉంటుంది. అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోముల పంపకంలో లెక్క తప్పుతుంది. మీ వయసులో తీసిన అండాలతో తయారైన పిండాలలో దాదాపు మూడింట ఒకదానికి ఈ లోపం ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ ఆ వాటా పెరుగుతుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే అలాంటి పిండం కూడా ముద్దుగా, గుండ్రంగానే కనిపిస్తుంది. గర్భాశయంలోకి వెళ్లాక ఒక దశలో ఆగిపోతుంది. మాఘంలో పెట్టిన పిండం నిలుస్తుందా లేదా అనేది చాలావరకు మీరు ఆ మెట్ల మొదట కాలు పెట్టడానికి ముందే, అది ఇంకా ల్యాబులో ఉండగానే నిర్ణయమైపోయి ఉంటుంది. అత్తగారికి ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

ఇక ఐసు చేప. హార్బరులో చేపలు కొనే ఇంటి నుంచి వచ్చిన పోలిక, దాన్ని తేలిగ్గా తీసేయను. ఐసు పెట్టెలో వంజరం సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడ కుళ్లు నెమ్మదిస్తుంది గానీ ఆగదు, అందుకే నాలుగో రోజుకు కన్ను మసకబారుతుంది. ఇంట్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టారనుకోండి, కండలోని నీరు మెల్లగా గడ్డకట్టి సూదుల్లాంటి ఐసు పలుకులవుతుంది. అవి కణాల గోడలను చీలుస్తాయి. కరిగినప్పుడు ముక్క మెత్తబడి నీళ్లు కారడం అందుకే. మీ అత్తగారు చెప్పిన రుచి పోవడం అదే.

పిండాలను దాచే పద్ధతిలో జాగ్రత్త అంతా ఆ ఐసు పలుకు పుట్టకుండా చూడటమే. ముందు పిండాన్ని ప్రత్యేకమైన ద్రావణాలలో ఉంచి లోపలి నీటిని చాలావరకు బయటకు లాగుతారు. తరువాత వెంట్రుక కంటే కాస్త మందంగా ఉండే సన్నని పట్టీ చివర, కంటికి ఆనని చుక్కలో దాన్ని పెట్టి ద్రవ నత్రజనిలో ముంచుతారు. అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. గడ్డకట్టడానికి సమయమే ఇవ్వకపోవడంతో అది ఐసు కాకుండా గాజులా బిగుసుకుపోతుంది. విట్రిఫికేషన్ అంటారు. పాత నెమ్మది పద్ధతిలో చాలా పిండాలు కరిగేటప్పుడు పోయేవి. ఇప్పుడు మంచి ల్యాబులో నూటికి తొంభైకి పైగా క్షేమంగా బయటకు వస్తాయి. ఆ చలిలో కుళ్లడమూ లేదు, ముదరడమూ లేదు. మీకు నలభై వచ్చాక తీసినా వాటి వయసు మీకు 33 ఉన్నప్పటిదే.

ఇదేమీ నిన్నమొన్నటి ప్రయోగం కూడా కాదు. 1978 అక్టోబరులో కోల్‌కతాలో దుర్గ అనే పాప పుట్టింది. ఫ్రీజ్ చేసి దాచిన పిండంతోనే ఆ గర్భం వచ్చిందని డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చెప్పారు. అప్పటి పెద్దలు నమ్మలేదు. ఆయన పోయిన చాలా ఏళ్లకు గాని ఆ పనికి గుర్తింపు రాలేదు. 1984లో మెల్‌బోర్న్‌లో ఇలాగే మరో పాప పుట్టాక ప్రపంచం ఈ దారి పట్టింది. నిజానికి మీ విషయంలో ఫ్రీజ్ చేయడమే మీ డాక్టరు చేసిన మంచి పని. పొట్ట ఉబ్బి ఉన్నప్పుడు పిండం పెట్టి అది నిలిచి ఉంటే ఆ ఉబ్బు ఇంకా ముదిరి మిమ్మల్ని ఐసీయూ దాకా తీసుకువెళ్లేదేమో. పీసీఓడీ ఉన్నవారికి ఆగి, ఫ్రీజ్ చేసిన పిండం పెడితే ఫలితాలు ఇంకా మెరుగ్గా ఉన్నాయని తేలింది కూడా.

రెండు పెట్టించుకోవాలా అన్నదానికి నా జవాబు: వద్దు, ఒకటి చాలు. ఇంట్లో ఈ మాట మింగుడుపడదని తెలుసు. రెండు పెడితే ఒకటైనా నిలుస్తుందని, రెండూ నిలిస్తే ఒకే కాన్పుతో పని అయిపోతుందని అనుకుంటారు. కవలలున్న కాన్పుల్లో సగానికి పైగా నెలలు నిండకముందే వస్తాయి. తల్లికి బీపీ, షుగరు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పిల్లలను రోజుల తరబడి అద్దాల పెట్టెలో ఉంచి, బయట కుర్చీలో కూర్చుని పాలు పిండి పంపిన తల్లిని ఒక్కసారి చూసినవారెవరూ కవలలు కావాలని మొక్కుకోరు. ఒకటి పెట్టి, అది నిలవకపోతే తరువాత మరొకటి పెట్టినా, రెండూ ఒకేసారి పెట్టినా చివరకు బిడ్డ చేతికొచ్చే అవకాశం ఇంచుమించు ఒకటే. తేడా అంతా ప్రమాదంలోనే. పైగా ఒకే పిండం రెండుగా చీలి కవలలు కావడం కూడా అరుదుగా ఉంటుంది. రెండు పెడితే ముగ్గురయ్యే వీలుందన్నమాట. మీ వయసు నలభై అయినా, పిండాల నాణ్యత తక్కువైనా ఇంకోలా చెప్పేదాన్ని. నాణ్యత ఎంతో మీ కాగితంలోనే ఉంటుంది. 4ఏఏ, 3బీబీ అని రాసి ఉంటుంది చూడండి. అంకె పిండం ఎంత విప్పారిందో చెబుతుంది, మొదటి అక్షరం బిడ్డ కాబోయే కణాల గుంపుది, రెండోది మాయ కాబోయే పైపొరది. బీ వచ్చిందని దిగులుపడకండి. బీబీలతో పుట్టిన పిల్లలు బడుల నిండా ఉన్నారు.

నిజంగా మీ చేతిలో ఉన్నదేమిటంటే మందుల వేళలు. ఎవరూ పట్టించుకోని చోటు ఇదే. మీకు నెలసరి క్రమంగా రాదు కాబట్టి బహుశా మాత్రల పద్ధతిలోనే సిద్ధం చేస్తారు. నెలసరి రెండో మూడో రోజు నుంచి గర్భాశయం పొరను పెంచే ఈస్ట్రోజన్ మాత్రలు, పది పన్నెండు రోజులకు స్కాన్. గర్భాశయం లోపలి పొర 7 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉండి, మూడు గీతలుగా కనిపిస్తే, గర్భం నిలవడానికి కావలసిన హార్మోన్ ప్రొజెస్టెరాన్ మొదలుపెడతారు. ఆ మొదటి డోసుతో గడియారం తిరగడం మొదలవుతుంది. అయిదు రోజుల పిండమైతే సాధారణంగా ప్రొజెస్టెరాన్ మొదలైన ఆరో రోజున పెడతారు. పొర తలుపు తెరిచి ఉంచే వేళ చిన్నది, ఆ లెక్క తప్పకూడదు. మీ శరీరం ఆ నెలలో సొంతంగా ప్రొజెస్టెరాన్ తయారు చేయదు కాబట్టి, గర్భం నిలిచాక కూడా పది పన్నెండు వారాల దాకా బయటి నుంచి ఇవ్వవలసిందే. మీ వారికి నైట్ షిఫ్టు ఉన్న రోజు సూది ఎవరు వేస్తారు, బ్యాంకులో ఉన్నప్పుడు మధ్యాహ్నం మందు ఎక్కడ పెట్టుకుంటారు, ఇవి ఇప్పుడే అనుకోండి. ఒక డోసు మరిచిపోతే దాచుకోవద్దు, ఫోను చేసి చెప్పండి. తిడతారని దాచి, చివరకు రక్తపరీక్ష నాడు ఏడ్చినవారు నాకు తెలుసు. మరొక్కటి అడగండి: అండం విడుదలయ్యేలా లెట్రోజోల్ వంటి మాత్రలిచ్చి, మీ సొంత హార్మోన్లతో చేసే పద్ధతి మీకు కుదురుతుందా అని. మాత్రల పద్ధతిలో నిలిచిన గర్భాలలో తరువాత బీపీ పెరగడం కాస్త ఎక్కువగా కనిపిస్తోంది, అందుకని. కుదరకపోయినా ఫర్వాలేదు, బీపీ చూపించుకుంటూ ఉంటే చాలు. థైరాయిడ్ పరీక్ష, రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఎలాగూ మొదలుపెట్టే ఉంటారు.

బదిలీ రోజు ఏమీ నొప్పి ఉండదు, నిండు మూత్రాశయంతో పడుకోవడం తప్ప. మీ ఇద్దరి పేర్లు, నంబరు గట్టిగా చదివి సరిచూస్తారు. సరిచూడకపోతే మీరే అడగండి, మొహమాటం వద్దు. పక్క గది కిటికీలోంచి ల్యాబు వ్యక్తి సన్నని గొట్టం తెచ్చి ఇస్తారు. డాక్టరు స్కాన్ తెర చూస్తూ దాన్ని లోపలికి పంపి వదిలిపెడతారు. తెర మీద తెల్లని చుక్క మెరుస్తుంది. చాలామంది దాన్ని పిండం అనుకుని చేతులు జోడిస్తారు. అది పిండంతో పాటు పంపిన గాలిబుడగ. ఆ మాట చెప్పి వారి ఆనందం పాడుచేయడం నాకెప్పుడూ చేతకాలేదు. తరువాత ల్యాబులో ఆ గొట్టాన్ని మళ్లీ సూక్ష్మదర్శిని కింద పెట్టి, పిండం లోపలే చిక్కుకుపోలేదు కదా అని చూసి, ఖాళీ అని కేక వేస్తారు. అంతే, లేచి మూత్రానికి వెళ్లి, ఇంటికి వెళ్లవచ్చు. ఆ ఉదయం కరిగించిన పిండం కోలుకోకపోతే రెండోది కరిగించవచ్చా అని ముందుగానే అడుగుతారు. ఆ సంతకం ముందే పెట్టండి, మీ వారి షిఫ్టు ఫోను ఎత్తే షిఫ్టు కాకపోవచ్చు.

ఈ మధ్య కొన్నిచోట్ల అదనపు పరీక్షలు, సూదుల జాబితా ఇస్తున్నారు. గర్భాశయం పొరను గీరడం వంటివి ఉపయోగపడవని పెద్ద పరిశోధనల్లోనే తేలింది. ఒక్కసారి పోయినంత మాత్రాన మీకవి అవసరం లేదు. చేయించుకోమంటే, దీనివల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని రుజువుందా అని అడిగి చూడండి.

అనాస. సింహాచలం కొండ కింద అనాసపళ్లు గుట్టలుగా పోసి అమ్మే రోజుల్లో విశాఖ ఆడపిల్లకు తినవద్దని ఎలా చెబుతాం? మన పెద్దలు తింటే గర్భం పోతుందంటారు, ఇంటర్నెట్‌లో కొందరు దాని మధ్య కాడ తింటే గర్భం నిలుస్తుందంటారు. ఇద్దరి దగ్గరా రుజువు లేదు. రెండు ముక్కలు ఉప్పూ కారం చల్లుకుని తినండి.

ఆషాఢమా, శ్రావణమా? ఇక్కడ మీ అత్తగారి మాట వినండి. మైనస్ 196లో ఉన్నదానికి నెల ఆలస్యం లెక్కలోకి రాదు, మీకూ నష్టం లేదు. ఆవిడకు శ్రావణం ఇచ్చి, బదులుగా మెట్ల మాట ఇంకెప్పుడూ ఎత్తకూడదని ఒప్పించుకోండి. బేరం కుదిరితే లాభం మీదే. ఈలోగా ఇద్దరూ కలిసి సింహాచలం వెళ్లి గుడిలోని కప్పస్తంభాన్ని కౌగిలించుకుని రండి. పిల్లల కోసం మొక్కుకునేవారు తరతరాలుగా చేస్తున్నదే, మందులకు అడ్డు రాదు. ఆషాఢ పున్నమి గిరి ప్రదక్షిణ మాత్రం 32 కిలోమీటర్లు. అది ఈసారి మీ వారికి అప్పగించండి.

బదిలీ తరువాత సెలవు పెట్టాలనిపిస్తే ఒకటి రెండు రోజులు పెట్టండి, కానీ నా సలహా బ్యాంకుకు వెళ్లమనే. కౌంటరులో మనుషులుంటారు, ఇంట్లో ఆలోచనలుంటాయి. రొమ్ముల నొప్పి, పొత్తికడుపులో లాగడం, అలసట ఇవన్నీ ప్రొజెస్టెరాన్ వల్ల ఎవరికైనా వస్తాయి. ఉన్నా ఏమీ చెప్పవు, లేకపోయినా ఏమీ చెప్పవు. చిన్న మరక కనిపించినా మందు ఆపవద్దు. రక్తం ఎక్కువగా పోతున్నా, ఒకవైపు తీవ్రంగా నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో పరీక్ష పట్టీ కొనవద్దు. తొందరపడి చూస్తే గర్భం ఉన్నా లేదని చూపుతుంది, ఆ బాధలో మందు ఆపేసేవారున్నారు. వాళ్లు చెప్పిన రోజున, సాధారణంగా పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య, రక్తపరీక్షే చేయించండి. గర్భం ఉందని వస్తే రెండు రోజులకు మళ్లీ చేసి రక్తంలో గర్భం హార్మోన్ అంకె ఎంత పెరిగిందో చూస్తారు.

తట్టుకోలేను అన్నారు. ఈ చికిత్సలో సగానికి మించి హామీ ఎవరిచ్చినా నమ్మవద్దు, ఈసారీ నిలవకపోవచ్చు. అందుకని ఇప్పుడే ఒక ఏర్పాటు చేసుకోండి. రిపోర్టు మీ ఫోనుకు రాకుండా మీ వారి ఫోనుకు పంపమనండి. మీ వారికి మార్నింగ్ షిఫ్టు ఉన్న రోజు చూసుకుని, సాయంత్రం ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు తెరవండి. ఖాతాదారుడు ఎదురుగా నిలబడి ఉండగా ఆ అంకె చూడటం ఎవరి వల్లా కాదు. ఆ మెట్ల ఆలోచన రాత్రులు నిద్రపోనివ్వకపోతే ఇప్పుడే 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ అది, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పనక్కరలేదు.

ఒకటి పెట్టాక ఇంకా రెండు మిగిలి ఉంటాయి కదా. 2021లో వచ్చిన చట్టం ప్రకారం పిండాలను పదేళ్ల వరకే దాచవచ్చు. దాచేందుకైనా, వాడేందుకైనా మీ ఇద్దరి రాతపూర్వక అంగీకారం ఉండాలి. దాచినందుకు తీసుకునే రుసుము చాలాచోట్ల ఏడాదికోసారి కట్టాలి, గుర్తుచేసే ఫోను వచ్చినా రాకపోయినా. మీ ఫైలులో ఆ రసీదు వెతికి, దాని మీది గడువు తేదీని మీ ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి.